కర్చీఫ్ వేసిన సీటు

బస్సు స్టాపులోకి వచ్చి ఆగీ ఆగకముందే ఇరవై చేతులు లేచాయి. ఇరవై చేతుల్లోనూ కర్చీఫులే. ప్రతి కిటికీ కిందా పోస్టు డబ్బాకి ఉండే సందు లాంటిది ఒకటి ఉంటుంది. అందులోంచి కర్చీఫు తోస్తే సరిగ్గా సీటు మీద పడుతుంది. పడిందంటే ఆ సీటు మీదే. ఇక తలుపు దగ్గర తోసుకోవాల్సిన పని లేదు, మెల్లగా ఎక్కొచ్చు.

అది 2081 మే నెల. ఊరు విజయవాడ. పగలు పదకొండు దాటితే రోడ్డు మీద మనిషనేవాడు కనపడడు. ఎండ యాభై ఎనిమిది డిగ్రీలు. ఆ ఎండలో ఐదారు నిమిషాలు నిలబడితే కళ్ళు తిరుగుతాయి. పది నిమిషాలకి పడిపోతారు. పడినవాళ్ళు మళ్ళీ లేచింది తక్కువ. అయినా ఊరు ఆగదు కదా. ఆఫీసులుంటాయి, ఆసుపత్రులుంటాయి, పెళ్ళిచూపులుంటాయి. అందుకే ఈ సిటీ బస్సులు. స్టాపు కూడా అద్దాల గదే. బస్సు సందులకి ఎదురుగా దాని గోడకీ సందులుంటాయి. బస్సు తలుపూ గది తలుపూ ఒకదానికొకటి అతుక్కున్నాకే తెరుచుకుంటాయి. ప్రభుత్వం పెట్టిన పేరు శీతలవాహిని. జనం మాత్రం చల్లబండి అంటారు. డ్రైవరు లేడు, కండక్టరు లేడు. బండిని నడిపేది ఒక కృత్రిమ మేధ. దానికి ఆడగొంతు ఉంది కాబట్టి అందరూ కండక్టరమ్మ అని పిలుస్తారు.

మొదట్లో సీట్లు కండక్టరమ్మే కేటాయించేది. జనం ఊరుకుంటారా? కిటికీ పక్క సీటు నాకు ఇవ్వనని చెప్పడానికి నువ్వెవరు అని గొడవలు. ఒకసారి తోపులాటలో తలుపుల అతుకు ఊడి ఇద్దరు బయటపడి ఎండకి పోయారు. అప్పుడు డాక్టర్ ఆద్విక అనే శాస్త్రవేత్త ఒక మాట చెప్పింది. "జనాన్ని మార్చలేం. యంత్రానికే మన పద్ధతి నేర్పుదాం."

అలా పుట్టిందే స్వేదముద్ర. ఇంజనీర్లు స్వెట్ ప్రింట్ అంటారు. ఏ ఇద్దరి చెమటా ఒకేలా ఉండదు. ఉప్పు పాళ్ళు వేరు, నూనె పాళ్ళు వేరు, అందులో బతికే సూక్ష్మజీవులు వేరు. సీటులో ఉన్న సెన్సరు కర్చీఫుకి అంటిన చెమటని చదువుతుంది. ఇది ఎవరిదో ఒక మనిషిది అని గుర్తు పెట్టుకుంటుంది. ఆ మనిషి వచ్చి కూర్చునేదాకా ఆ సీటు ఇంకెవరికీ ఇవ్వదు. కర్చీఫు ఉంటే మనిషి ఉన్నట్టే లెక్క. పదేళ్ళయింది ఈ సూత్రం పెట్టి. ఒక్క గొడవ లేదు. ఆద్వికకి దేశమంతా పేరొచ్చింది.

ఆ రోజు ఆమె కూడా అదే బస్సెక్కింది. పాత బండ్లు ఎలా ఉన్నాయో చూసి రిపోర్టు రాయాలి. వెంట మస్తాన్ వలీ ఉన్నాడు. ఈ బస్సులకి చల్లదనం యంత్రం చేసిన ఇంజనీరు ఆయనే. అరవై దగ్గర పడ్డాయి. ఇద్దరూ పద్దెనిమిదేళ్ళుగా ఒకే ఆఫీసు. ఆద్విక ఆలస్యంగా వచ్చేసరికి మస్తాన్ అప్పటికే కర్చీఫు వేసేశాడు. పదిహేడో నంబరు సీటు. అది తప్ప బస్సంతా నిండిపోయింది.

"కూర్చోండి మేడమ్."

"మీరు కూర్చోండి మస్తాన్ గారూ. మోకాలు ఆపరేషనై నెల కాలేదు."

"సూత్రం కనిపెట్టినావిడ నిలబడి, నేను కూర్చుంటే బాగుంటుందా?"

"సూత్రం ప్రకారమే చెప్తున్నా. కర్చీఫ్ మీది."

పక్క సీటులో ఉన్న మోక్షితమ్మ నవ్వింది. డెబ్బై ఏళ్ళావిడ. ఒళ్ళో మూత పెట్టిన క్యారేజీ ఉంది. "కూర్చో నాయనా, ఆడమనిషి నిలబడితే ఏం అరిగిపోదులే" అంది. అలా మస్తాన్ కూర్చున్నాడు. నలభై సీట్లూ నిండాయి. నిలబడ్డది ఆద్విక ఒక్కతే.

పెద్ద వంతెన మధ్యకి వచ్చేసరికి బస్సు ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. నెత్తిన గాలి చప్పుడు తగ్గింది. ఆ చప్పుడు తగ్గితే ఏమవుతుందో ఆ కాలంలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. అందరూ ఒకేసారి తల పైకెత్తి చూశారు.

"ప్రయాణికులకు మనవి" అంది కండక్టరమ్మ. "కప్పు మీద కరెంటిచ్చే సూర్యఫలకాలు మూసుకుపోయాయి. వెనక మూత తీసి లివరు చేత్తో తిప్పాలి. సహాయం బండి రావడానికి యాభై నిమిషాలు. లోపలి చల్లదనం ఇరవై నిమిషాలు ఉంటుంది."

మస్తాన్ అప్పటికే లేచాడు. "నేను వెళ్తా. అది నేను పెట్టించిన లివరే. చూడకుండా కూడా తిప్పగలను."

"మోకాలితో ఎలా వెళ్తారు? నేను వెళ్తా."

"మీకు సీట్ల సంగతి తెలుసు మేడమ్, లివర్ల సంగతి నాకు వదిలెయ్యండి."

బయటికి దిగాలంటే శీతకవచం తొడుక్కోవాలి. కూల్ జాకెట్ అంటారు దాన్ని. నెత్తి నుంచి కాళ్ళదాకా మూసేస్తుంది. ఛార్జి పన్నెండు నిమిషాలే. బస్సుకి ఆరు ఉండాలి. పెట్టె తెరిస్తే ఒక్కటే ఉంది. మిగతా ఐదూ రిపేరుకి వెళ్ళి ఎప్పుడూ తిరిగి రాలేదని లోపల అంటించిన కాగితం చెప్పింది.

"ఇదీ రిపోర్టులో రాయండి" అంటూ మస్తాన్ జాకెట్ తొడుక్కున్నాడు. కర్చీఫుతో మొహం తుడుచుకుని, దాన్ని సీటులో పరిచాడు. "నా సీటు జాగ్రత్త మేడమ్. నేను ఎక్కేలోపు ఎవరైనా కూర్చున్నారో, మీమీదే కేసు పెడతా."

చిన్న గదిలాంటి రెండు తలుపుల మధ్య నుంచి దిగాడు. కుంటుకుంటూ వెనక్కి వెళ్ళడం అద్దంలోంచి అందరికీ కనపడింది.

నాలుగు నిమిషాలు గడిచాయి. కాళ్ళ కింద ఏదో గిరగిరా తిరిగింది. గాలి చప్పుడు కొంచెం పెరిగింది. ఎవరో చప్పట్లు కొట్టారు. అప్పుడు కండక్టరమ్మ మళ్ళీ మాట్లాడింది.

"చల్లదనం నలభై మందికి సరిపోతుంది. లెక్కలో నలభై ఒక్కరు ఉన్నారు. ఆపద సూత్రం ప్రకారం సీటు లేనివారు దిగాలి. మూడు నిమిషాలు సమయం ఉంది."

ఆద్వికకి మొదట అర్థం కాలేదు. తర్వాత చుట్టూ చూసింది. నిలబడ్డది తనే. ఆ సూత్రం కాగితం మీద తన సంతకం కూడా ఉంది. బస్సుకి ఆరు జాకెట్లుంటాయి కదా, దిగినవాళ్ళు తొడుక్కుంటారులే అనుకుని పెట్టిన సంతకం.

"కండక్టరమ్మా, లోపల నలభై మందిమే ఉన్నాం. పదిహేడులో ఎవరూ లేరు. ఉన్నది గుడ్డముక్క."

"కర్చీఫు ఉంటే మనిషి ఉన్నట్టే. ఆయన మళ్ళీ ఎక్కుతారు. ఎక్కితే నలభై ఒక్కరు."

"చల్లదనం అందరికీ పంచు. కొంచెం కొంచెం తగ్గించు."

"పంచవచ్చు. లోపల రెండు డిగ్రీలు పెరుగుతుంది. ప్రాణభయం లేదు. కానీ సీటు ఉన్నవారంతా ఒప్పుకోవాలి. ఒప్పుకునేవారు చేతి పక్కన పచ్చ బటన్ నొక్కండి."

రెండే డిగ్రీలు. ఆద్విక ఊపిరి పీల్చుకుంది. చేతులు జోడించి, "నొక్కండి, ప్లీజ్. రెండు డిగ్రీలే" అంది. టకటకా పచ్చలైట్లు వెలిగాయి. పదకొండు వెలిగాయి. అక్కడితో ఆగిపోయాయి.

"నాకు బీపీ అండీ" అన్నాడు ముందు సీటాయన, అటు తిరిగి.

"పెరిగేది రెండని చెప్తుంది, తర్వాత పది అంటుంది. ఈ బండ్లని ఎవడు నమ్ముతాడు" అంది ఇంకొకావిడ.

వెనక నుంచి ఒక కుర్రాడు, "అందరూ నొక్కితే నేనూ నొక్కుతా" అన్నాడు. అతని చుట్టుపక్కలవాళ్ళు తలూపారు. వాళ్ళూ అదే అనుకుంటున్నారు.

ఆద్విక మోక్షితమ్మ వైపు చూసింది. ఆవిడ సీటు మీద కూడా లైటు లేదు. "షుగరు తల్లీ నాకు. వేడి అసలు పడదు" అంది నేల చూపులు చూస్తూ.

"రెండు నిమిషాలు" అంది కండక్టరమ్మ. తలుపు దగ్గర ఎర్రలైటు వెలిగింది. మొదటి తలుపు తనంతట తనే తెరుచుకుంది. అక్కడి నుంచి ఒక వేడి తెర వచ్చి ఆద్విక మొహానికి కొట్టింది. సగం వేడే అది, రెండో తలుపు ఇంకా మూసే ఉంది. అయినా కనురెప్పలు కాలినట్టయింది. నాలుక అంగిలికి అతుక్కుపోయింది. ఎండకి పోయినవాళ్ళని ఆమె ల్యాబులో చూసింది. చర్మం ఎలా ఉంటుందో, పెదాలు ఎలా ఉంటాయో ఆమెకి తెలుసు. తెలియకపోతే బాగుండేది.

"ఒక్క నిమిషం."

ఆమె పదిహేడో సీటులో కూర్చుంది. కూర్చోవాలని అనుకోలేదు. మస్తాన్ కర్చీఫు తీసి మెడ తుడుచుకుంది, మొహం తుడుచుకుంది, రెండు చేతుల్లో పెట్టి నలిపింది.

"పదిహేడో సీటు కర్చీఫులో రెండు స్వేదముద్రలు ఉన్నాయి" అంది కండక్టరమ్మ. "ఇది ఎవరిది?"

"నాది" అంది ఆద్విక.

ఇలాంటి తగువు వస్తే ఏం చెయ్యాలో కూడా ఆమే నేర్పింది. కొత్తగా కనిపెట్టిందేం కాదు. మన బస్సుల్లో ఎప్పటినుంచో ఉన్నదే. పక్క సీటు మనిషిని అడగాలి. పక్కవాళ్ళు ఏదంటే అదే ఖాయం.

"మోక్షితమ్మ గారూ" అంది కండక్టరమ్మ ఎంతో మర్యాదగా. "ఇక్కడ ఎవరైనా వస్తారా?"

మోక్షితమ్మ కిటికీలోంచి చూసింది. మస్తాన్ వెనక మూత బిగించి వస్తున్నాడు. ఒక చేత్తో బస్సు పట్టుకుని కుంటుతున్నాడు. జాకెట్ మీద లైటు పచ్చ పోయి పసుపుకి వచ్చింది. అద్దం దగ్గర ఆగి, బొటనవేలు పైకెత్తి నవ్వాడు. ముసుగులోంచి పళ్ళు కనిపించాయి.

ఆయన ఎక్కితే మళ్ళీ నలభై ఒక్కరు. మళ్ళీ ఎర్రలైటు. మళ్ళీ బటన్లు. బస్సులో ఎవరూ కదల్లేదు.

"ఎవరూ రారమ్మా" అంది మోక్షితమ్మ. "ఈవిడదే ఆ సీటు."

"మంచిది. అయితే బయట ఉన్నవారు నలభై ఒకటో మనిషి. దిగిపోయారు. లెక్క సరిపోయింది."

తెరిచిన తలుపు మూసుకుంది. బస్సు కదిలింది. మస్తాన్ ముందు నవ్వుతూనే ఉన్నాడు, బండి సరిగ్గా నడుస్తుందో లేదో చూసుకోవడానికి కదిలిందనుకున్నాడేమో. నాలుగు అడుగులు పక్కనే నడిచాడు. తర్వాత అరచేత్తో అద్దం మీద కొట్టాడు. పదిహేడో సీటులో ఆద్వికని చూశాడు. ఆమె చేతిలో కర్చీఫు చూశాడు. కొట్టడం ఆపేశాడు. బస్సు ఆయన్ని దాటిపోయింది.

నిమిషం గడిచింది. గాలి చప్పుడు పెరుగుతూ పోయింది. చల్లటి గాలి రయ్యిమని మొహాలకి తగిలింది. మస్తాన్ చేసిన రిపేరు పూర్తిగా పట్టింది. ఫలకాలు నిండా విచ్చుకోవడానికి ఆ మాత్రం టైము పట్టింది, అంతే.

"ప్రయాణికులకు శుభవార్త" అంది కండక్టరమ్మ. "ఇప్పుడు చల్లదనం యాభై మందికి సరిపోతుంది. దిగిన మనిషి నాలుగు వందల మీటర్ల వెనక ఉన్నారు. జాకెట్ ఛార్జి ఇంకా రెండు నిమిషాలు మిగిలి ఉండొచ్చు. ఎవరో తెలియని మనిషి కోసం నడిరోడ్డులో వెనక్కి వెళ్ళడానికి నాకు అనుమతి లేదు. వారి తాలూకు వాళ్ళు ఎవరైనా లోపల ఉంటే, 'మావాళ్ళే' అని చెప్పండి. వెంటనే వెళ్తాను."

ఒక్క మాట చాలు. బటన్ కూడా అక్కర్లేదు. ఎవరు చెప్పినా చాలు.

బీపీ ఆయన గొంతు సవరించుకుని కిటికీ వైపు తిరిగాడు. వెనక కుర్రాడు సగం లేచి, పక్కవాళ్ళని చూసి కూర్చున్నాడు. మోక్షితమ్మ క్యారేజీ పిడి గట్టిగా పట్టుకుంది. ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు అందరూ ఆద్విక వైపు తిరిగారు. చెప్పాల్సిన మనిషి ఆమే కదా. ఆమెకీ తెలుసు. 'మావాళ్ళే' అంటే చాలు, మస్తాన్ బతుకుతాడు. బతికి ఈ తలుపులోంచి లోపలికి వస్తాడు. వచ్చి ఈ సీటు ముందు నిలబడతాడు.

"వారి తాలూకు ఎవరైనా ఉన్నారా?" కండక్టరమ్మ రెండోసారి అడిగింది.

ఆద్విక కర్చీఫుని నాలుగు మడతలు పెట్టింది. హ్యాండ్‌బ్యాగులో పెట్టి జిప్పు లాగింది.

"ఎవరూ లేరు" అంది. "పోనివ్వు."