కీచుమనని మకాం లారీ

శవం లారీకీ గోడకూ మధ్య లేదు. తీసేశారు.

పోలీసు అమీన్ తిమ్మప్ప వచ్చేసరికి షెడ్డు ముందు చాప పరిచి, కురుమూర్తిని దాని మీద పడుకోబెట్టి దుప్పటి కప్పారు.

"ఎవరు తియ్యమన్నరు?"

"గుమాస్తాగారు సాబ్," అన్నాడు జవాన్ మల్లేశ్. "చూడనీకి బాగలేదన్నడు."

తిమ్మప్ప దుప్పటి అంచు ఎత్తి చూసి, మళ్లీ కప్పాడు. కబురందిన దగ్గర్నుంచి ఎద్దుబండిలో కుదుపులు తిని నడుం పట్టేసింది. ఇంకొక్క ఏడాది నౌకరీ. ఆ తర్వాత మానవపాడు, సొంత ఇల్లు, ఎవరూ వచ్చి నిద్ర లేపని తెల్లవారుజాము. ఆ ఒక్క ఏడాదే గడవడం లేదు.

1938 మార్చి. ఊరు అమరచింతకు అవతల. పేరు రాయను. ఆ ఊరి దొర మనవలు ఇంకా ఉన్నారు, వాళ్లతో నాకెందుకు?

మకాం లారీ సంగతి మాత్రం చెప్పాలి. దొర ఏటా మోదుగులు పూసే వేళకు మన్ననూర్ అడవికి వేటకు పోతాడు. నెల రోజులు మకాం. గుడారంలో పడుకోడు, పురుగులంటే భయం. పులిని కొట్టే మనిషికి పురుగులంటే భయమేమిటని నన్నడగకండి. పాత లారీ ఒకటి కొని, వెనక టేకుచెక్కతో గది కట్టించాడు. గోడకు మడిచే మంచం, కిరసనాయిలు స్టవ్వు, కుళాయి ఉన్న నీళ్ల డ్రమ్ము, కిటికీకి వట్టివేళ్ల తడక. నెల రోజుల భోగం అది. తక్కిన సంవత్సరమంతా చక్రాలు ఊడదీసి షెడ్డులో రాళ్ల మీద ఎత్తిపెడతారు.

ఫాల్గుణం రాగానే దాన్ని మళ్లీ బతికించాలి. ఎలుకలు కొరికిన పరుపు మార్చాలి. డ్రమ్ములో పాచి తోమాలి. కప్పుకు తారు పూయాలి. చక్రాలు ఎక్కించాలి. లారీ పని చూసేది ఇద్దరు. డ్రైవరు యేసయ్య, క్లీనరు కురుమూర్తి.

దొర శుక్రవారం దిగుతాడు. ఇవాళ సోమవారం. క్లీనరు చాప మీద ఉన్నాడు, డ్రైవరు చేతులు కట్టించుకుని తుమ్మచెట్టు కింద కూర్చున్నాడు. గుమాస్తా మనుషులు అప్పటికే కొట్టారు. పెదవి చిట్లింది.

గుమాస్తా హన్మంతరావు ఎదురొచ్చాడు.

"చంపిండు అమీన్ సాబ్. కావాల్నని చంపిండు."

"ఏమైంది, మొదటికెళ్లి చెప్పు."

"లారీని ఇయ్యాల్నే బయటికి తీసిండ్రు. యేసయ్య ఈ ఎత్తు మీదికి ఎక్కిచ్చిండు. మళ్ల ఎనక్కు దించుతుండు. కురుమూర్తి ఎనక నిలబడి దారి చెప్తుండు. ఆపలే. గోడకేసి గుద్దిండు."

"కావాల్నని అని ఎట్ల తెల్సు?"

"బ్రేకు తొక్కలే."

"నువ్వు చూసినవా?"

"చూసేదేంది, విన్న. ఆ లారీ బ్రేకు తొక్కితే ఊరంత వినబడ్తది. మేకను కోసినట్టు కీచుమంటది. పోయినేడు అడవిల ఆ చప్పుడుకు జింకలన్ని ఉరికినయని దొరగారు కురుమూర్తిని చెంప మీద ఒక్కటిచ్చిండ్రు. ఇయ్యాల ఆ చప్పుడే రాలే. నేను వరండాల్నే ఉన్న."

"ఇద్దరికి జగడమున్నదా?"

"పొద్దుగాల్నే కొట్లాడిండ్రు. ఈసారి అడవికి కురుమూర్తే నడపాలని దొరగారి హుకుం. యేసయ్యకు మండింది." గుమాస్తా గొంతు తగ్గించాడు. "శుక్రవారం లోపల తేల్చేయుండ్రి సాబ్. ఉరిశిక్ష కేసు. మీకు మంచి పేరు."

తిమ్మప్పకు మంచి పేరు అక్కర్లేదు. కూర్చోడానికి ఒక మంచం కావాలి.

అప్పుడే ఒక ముసలాయన గుంపును తోసుకుంటూ వచ్చాడు. కురుమూర్తి తండ్రి బుచ్చన్న. ఎడ్లబండి తోలి బతికిన మనిషి. ఉన్నది ఒక్కడే కొడుకు. తుమ్మచెట్టు కిందికి పోయి యేసయ్య ముఖాన ఉమ్మేశాడు.

"నా ఇంట్ల దీపం ఆర్పినవు గదరా. ఈన్ని ఉరి తియ్యాలె సర్కార్. నా కండ్లతోటి చూడాలె."

యేసయ్య తుడుచుకోలేదు. తల వంచుకున్నాడు. తిమ్మప్పకు ఆ తల వంచుకోవడం నచ్చలేదు. తప్పు చేసినవాడు ఇంత నెమ్మదిగా ఉండడు. చేయనివాడు అసలే ఉండడు.

లారీ పక్కన జంగమ్మ అనే కూలామె నీళ్ల డ్రమ్ము తోముతూ ఉందట ఆ వేళప్పుడు. ఆమెను పిలిపించాడు.

"చప్పుడు విన్నవా?"

"లేదు సాబ్. లారీ సప్పుడు చెయ్యకుండ జారింది."

"యేసయ్య ఏం చేస్తుండె?"

"తొక్కుతుండె."

"ఏంది?"

"కిందికి తొక్కుతుండె సాబ్. సీటు మీదికెళ్లి లేచి మరీ తొక్కుతుండె. జరుగురా జరుగురా అని ఒర్లుతుండె. ఆ పిలగాడు జరగలే, చక్రం కింద దిమ్మె పెట్టనీకి వంగిండు."

"ఈ మాట గుమాస్తాకు చెప్పినవా?"

"నన్నెవరడిగిండ్రు?"

తిమ్మప్ప లారీ దగ్గరికి నడిచాడు. ఆ పాత బండికి బ్రేకులు వెనక చక్రాలకే. చేతి బ్రేకు పట్టేదీ వాటినే. మల్లేశ్‌తో ఒక చక్రం ఊడదీయించి, లోపలి బ్రేకు డ్రమ్ము విప్పించాడు. చక్రాన్ని పట్టి ఆపే బ్రేకు పట్టాలు నల్లగా ఉన్నాయి.

"బ్రేకు మసి సాబ్. ఉంటది," అన్నాడు మల్లేశ్.

"మసి పొడిగ ఉంటదప్పా. ఇది జిగురుగున్నది."

వేలితో తీసి మల్లేశ్ ముక్కు దగ్గర పెట్టాడు.

"ఏం వాసన?"

"ఇంట్ల దీపం వాసన సాబ్. ఆముదం."

"లారీకి పెట్టే గ్రీజు ఏ రంగు?"

"పసుపు."

తిమ్మప్ప వేలు రుమాలుకు తుడుచుకున్నాడు. ఆముదంలో గడ్డి కాల్చిన మసి కలిపితే ఎడ్లబండి కందెన అవుతుందని పాలమూరులో పుట్టిన ఎవరికైనా తెలుసు. తెలిసి కూడా లారీలో దాన్ని ఎవరూ వెతకరు.

"నోరు మూసుకో," అన్నాడు మల్లేశ్‌తో. "డ్రమ్ము మూసి పెట్టు."

*

మర్నాడు కురుమూర్తిని మట్టి చేసి అందరూ వచ్చాక తిమ్మప్ప బుచ్చన్న ఇంటికి పోయాడు. ముసలాయన తన బండి నొగ మీద కూర్చుని ఉన్నాడు. బండి కింద నల్లటి జిడ్డు కారిన వెదురు బుర్ర ఒకటి వేలాడుతోంది. తిమ్మప్ప దాన్ని చూశాడు, చూపు తిప్పుకున్నాడు.

"ఈ బండి ఎన్నేండ్లదే బుచ్చన్నా?"

"మా కురుమూర్తి పుట్టిన ఏడు చేయించిన సర్కార్. గద్వాలకు ఆముదాలు తోలిన దీన్మీదనే. ఒక్కనాడు ఇరుసు కీచుమనలే."

"దూరం పోయే ముందర ఏం చేస్తవ్?"

"ఏం చేస్త? శీల పీకుత. చక్రం గుంజుత. కందెన పెడ్త. కందెన లేకుంట బండి కడితె ఎద్దుల ఉసురు తగుల్తది."

"ఎవరికన్న చెప్పి పెడ్తవా?"

ముసలాయన వింతగా చూశాడు. "దీనికి చెప్పుడేంది సాబ్? కూరల ఉప్పేస్తె ఊరికి చెప్తమా?"

"ఆదివారం నువ్వు షెడ్డు కాడికి పోయినవా?"

"పోయిన. పిలగానికి సద్ది పట్టుకపోయిన. వాళ్లు వాగుకు నీళ్లకు పోయిండ్రు. జరసేపు కూసున్న."

"చక్రాలు ఎక్కించి ఉండెనా?"

"లేదు, లోపలి డ్రమ్ములు గూడ ఊడదీసి ఉండె. లోపల చూస్తే సుక్క చమురు లేదు. ఎండి పేలాలయినయి. అందుకే గద కీచుమంటది అని..."

తిమ్మప్ప చెయ్యి పైకెత్తాడు. "చాలు. నువ్వు పండుకో పో."

అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి మిగిలింది. అడగలేదు. ఇన్నేళ్ల నౌకరీలో చేతికందిన జవాబును వదిలిపెట్టి లేచిపోవడం అదే మొదటిసారి. బయటికొచ్చి గోడ పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. మల్లేశ్ నడుం నొప్పి అనుకున్నాడు.

*

ఠాణాలో యేసయ్య గోడకు ఆనుకుని కూర్చున్నాడు. బయట అతని భార్య భాగ్యమ్మ రెండు పూటలుగా కదలలేదు.

"బ్రేకు తొక్కినవా?"

"తొక్కిన."

"ఎందుకు పడలే?"

యేసయ్య ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు.

"పొద్దున జగడమెందుకు?"

"తనే నడుపుతనన్నడు సాబ్. చక్రాలెక్కించినంక మొదలు నేను చూస్త, ఎనక నువ్వు అన్న. ఒద్దని మొండికేసిండు." చిట్లిన పెదవి తుడుచుకున్నాడు. "వాని మాట ఇంటే ఎనక నేను నిలబడేటోణ్ణి."

"దొర సీటు వానికి ఇచ్చినందుకు కోపం లేదా?"

"నడుపుడు నేర్పిందే నేను."

తిమ్మప్ప నేల మీద అతని ఎదురుగా కూర్చున్నాడు. మోకాళ్లు పటపటమన్నాయి.

"బ్రేకు డ్రమ్ము విప్పిన యేసయ్యా. కందెన చూసిన. అది ఎవరిదో నీకు అప్పుడే తెల్సు గద?"

యేసయ్య ఏడ్చాడు. దెబ్బలకు ఏడవనివాడు ఇప్పుడు ఏడ్చాడు.

"ఆ మాట రాయకుండ్రి సాబ్. లారీని ముందలికి జరిపి గేర్ల ఆపి వాన్ని నా ఒళ్లెకు తీసుకున్న. చక్రం కాడ కారిన కందెన వాని చేతికి నల్లగంటింది. ఆ చెయ్యి వాసన చూసుకున్నడు. 'ఇది మా నాయన చేసిందే అన్నా' అన్నడు. 'నాయనకు తెల్వనియ్యకు, సచ్చిపోతడు' అన్నడు. ఎనక పాణం పోయింది."

"నిన్ను ఉరి తీస్తరు. తెల్సా?"

"తెల్సు."

"భాగ్యమ్మ ఏం గావాలె?"

యేసయ్య గుమ్మం వైపు చూశాడు. తిమ్మప్పకు ఒళ్లు మండింది.

"అబద్ధాలు చెప్పి తప్పించుకునేటోళ్లను చూసీ చూసీ అలసిపోయిన. నోరు మూసుకుని ఉరికంబమెక్కే మొండోడు ఒక్కడు తక్కువుండె. వాడు నా నసీబుకే దొరకాల్నా?"

ఆ రోజంతా ఆయన లెక్క ఒక్కటే. నిజం చెబితే యేసయ్య బతుకుతాడు, బుచ్చన్న చస్తాడు. చెప్పకపోతే ముసలాయన బతుకుతాడు, ఏ పాపం ఎరుగనివాడు చస్తాడు. మధ్యలో ఒక సన్నటి దారి ఉంది, అబద్ధం. పట్టుకోవడమే తప్ప ఆడడం ఆయనకు అలవాటు లేదు.

*

గురువారం పొద్దున అందరినీ షెడ్డు దగ్గరికి పిలిపించాడు. గుమాస్తా, జంగమ్మ, బుచ్చన్న, భాగ్యమ్మ. కట్టిన చేతులతో యేసయ్య. వెనక చక్రం విప్పి ఉంది. తిమ్మప్ప దానికి అడ్డంగా నిలబడ్డాడు.

"గుమాస్తాగారూ, చప్పుడు రాలే కాబట్టి బ్రేకు తొక్కలే అన్నరు మీరు."

"అవును."

"జంగమ్మ ఉన్నది ఈడ. యేసయ్య లేచి నిలబడి తొక్కుడు కండ్లార చూసింది. తొక్కిండు, చప్పుడు రాలే. ఎందుకు?"

గుమాస్తా జంగమ్మ వైపు చూశాడు. ఆమె తల ఊపింది.

"బ్రేకు పొడిగ ఉంటే పట్టుకుంటది, పట్టుకుంటే కీచుమంటది. చమురు పడితే పట్టదు, చప్పుడు రాదు. మీరు చప్పుడు రాకపోవుడు విన్నరు గని, ఎందుకు రాలేదో చూడలే. ఆ బ్రేకుల్ల చమురున్నది."

"ఎవరు పోసిండ్రు?"

తిమ్మప్ప బుచ్చన్న వైపు చూడకుండా చెప్పాడు.

"ఎవరు పొయ్యలే. ఏడాదంత నిలబెట్టిన బండి. లోపల చమురు ఆపే తోలు బిళ్లలు ఎండి పలిగినయి. లారీ చమురే కారింది. ఇది ఖూనీ కాదు. మల్లేశ్, కట్లిప్పు."

మల్లేశ్ కళ్లెత్తకుండా తాడు విప్పాడు. భాగ్యమ్మ కింద కూలబడింది.

అంతటితో అయిపోయేది. దొర దిగేలోపు డ్రైవరు దొరికాడు, గుమాస్తాకు కూడా అదే సౌకర్యం. కానీ బుచ్చన్న ముందుకొచ్చాడు.

"జర జరుగుండ్రి సర్కార్."

"వద్దు బుచ్చన్నా. నీకెందుకు?"

"జరుగుండ్రి."

అమీన్ జరగలేదు. ముసలాయన ఆయన భుజం పక్కనుంచి చెయ్యి పెట్టి బ్రేకు డ్రమ్ము లోపల తడిమాడు. వేళ్లు ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు.

"ఇది లారీ చమురు కాదు సాబ్. నేను పెట్టిన కందెన."

గుమాస్తా ఒక అడుగు వెనక్కి వేశాడు.

"చప్పుడైందని దొర నా కొడుకును కొట్టిండు. చప్పుడు కాకపోతే కొట్టడు గద అనుకున్న. రెండు దిక్కుల మంచిగ దట్టంగ పెట్టిన." ఆయన తన చేతిని చూసుకున్నాడు. "మీకు ముందే తెల్సా సాబ్?"

"తెల్సు," అన్నాడు తిమ్మప్ప.

"మరి నన్ను కట్టుండ్రి."

"దీనికి కట్టే చట్టం లేదు పెద్దాయనా. ఉన్నా నేను కట్ట."

యేసయ్య పోయి బుచ్చన్నను పట్టుకున్నాడు, నెమ్మదిగా నేల మీద కూర్చోబెట్టాడు. ముసలాయన అతని మణికట్ల మీద తాడు కోసిన గాట్లు చూశాడు.

"నీకు ఎర్కనా?"

"ఎర్కే కాకా."

"మరి చెప్పకపోతివి. నీ మొఖాన ఉమ్మేసిన గద."

"వాడు చెప్పొద్దన్నడు."

"ఇంకేమన్నడు?"

యేసయ్య తటపటాయించాడు. "దూపయితుందన్నడు. నీళ్ల డ్రమ్ములకెళ్లి చెంబుతో పోసిన. తాగిండు."

"నీ చేతులతోనా?"

పక్కనున్న గుమాస్తా ముఖం చిట్లించాడు. ఆ ఊళ్లో బుచ్చన్న కులం వాళ్లు యేసయ్య కులం వాళ్ల చేతి నీళ్లు తాగరు. ఆ కట్టుబాటు అక్కడున్న అందరికీ తెలిసిందే.

"నా చేతులతోనే కాకా. జంగమ్మ మందిని పిలవనీకి ఉరికింది, ఇంకెవరు లేకుండె."

బుచ్చన్న కందెన అంటిన చేతులు రెండూ దోసిలి పట్టాడు.

"నాకు గూడ జరన్ని పొయ్యి బిడ్డా."

యేసయ్య చెంబు ముంచి తెచ్చాడు. తాడు కోసిన మణికట్టు సరిగా తిరగక నీళ్లు కింద ఒలికాయి. భాగ్యమ్మ లేచి వచ్చి అతని చేతిలోంచి చెంబు అందుకోబోయింది.

"నువ్వొద్దమ్మా," అన్నాడు బుచ్చన్న. "వాడే పొయ్యాలె."