నీలం అంచు పళ్లెం

ఆ హాస్టల్లో మూడో అంతస్తు చివరి గదికి మంచి పేరు లేదు. అంటు రోగం వచ్చిన పిల్లల్ని అందులో విడిగా ఉంచేవాళ్లు. ఒకప్పుడు తట్టు పోసిన అమ్మాయిని అందులో పెట్టి, సెలవుల హడావిడిలో మర్చిపోయారట. నువ్వు అన్నం పెట్టావనుకున్నానంటే నువ్వు పెట్టావనుకున్నానని ఒకరి మీద ఒకరు తోసుకున్నారు. నాలుగో రోజు తలుపు తీస్తే... ఇంకేముంది. అప్పట్నుంచీ రాత్రిపూట ఆ ఖాళీ గది లోపలి నుంచి తలుపు కొడుతున్న చప్పుడు వినిపిస్తుందని చెప్పుకునేవాళ్లు.

సెల్‌ఫోన్లు ఇంకా చేతుల్లోకి రాని రోజుల్లో ఆ గదిలోకి బుడ్డి వెళ్లాల్సొచ్చింది. పొట్టిగా ఉంటుందని హాస్టలంతా పెట్టిన పేరది. దాని గదిలోనే ఉండే నేస్తం పేరు పొడుగు. ఇద్దరూ ఒకే కంచంలో తినేవాళ్లు.

గవదబిళ్లలు ముందు వచ్చింది పొడుగుకే. "ఎవరికీ చెప్పకే, పరీక్ష పోతుంది," అని కాళ్లావేళ్లా పడితే బుడ్డి నోరు కుట్టేసుకుంది. వేణ్నీళ్లు కాచిచ్చి, రాత్రుళ్లు మేలుకుని మరీ సేవ చేసింది. మూడు వారాలు తిరక్కుండానే దాని దవడలూ వాచాయి.

"మీ గదిలో ఇంకెవరికైనా వచ్చిందా?" అనడిగింది నర్సమ్మ. బుడ్డి లేదంది. పక్కనే నిలబడ్డ పొడుగూ లేదంది.

ఐదు రోజులు విడిగా ఉండాలన్నారు. పద్ధతి ఏమిటంటే, మామూలుగా తనతో ఒకే గదిలో ఉండే నేస్తమే పళ్లెం తెచ్చి బయట స్టూలు మీద పెట్టి రెండుసార్లు తలుపు కొట్టాలి. లోపలున్న వాళ్లు ఒకసారి కొట్టి అందిందని చెప్పాలి. అడుగుల చప్పుడు దూరమయ్యాకే తలుపు తియ్యాలి.

"నేనున్నాగా. పూటపూటా నేనే తెస్తా," అంది పొడుగు. ఆ మాట పట్టుకునే బుడ్డి ఆ గదిలో కాలు పెట్టింది.

మొదటి రాత్రి ఎనిమిదైంది... తొమ్మిదైంది. వరండాలో లైటు ఆరిపోయింది. దవడలు సలుపుతున్నాయి, కడుపు మాడుతోంది. పాత కథ గుర్తొచ్చి దుప్పటి తల మీదికి లాక్కుంది.

టక్... టక్.

బుడ్డి లేచి ఒకసారి కొట్టింది. అడుగులు దూరమవుతాయని చెవి ఒగ్గి వింది. ఎంతసేపు విన్నా ఏ చప్పుడూ లేదు.

"పొడుగూ... నువ్వేనా?"

మెల్లిగా తలుపు తీసింది. వరండా ఖాళీ. స్టూలు మీద నీలం అంచు పళ్లెంలో పొగలు కక్కుతూ మెత్తటి అన్నం. నమల్లేనని తెలిసి మెత్తగా వండించిందే అనుకుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. పిచ్చిది, చెప్పుల్లేకుండా వచ్చిపోయిందనుకుంది.

ఐదు రోజులూ అంతే. చప్పుడు రెండుసార్లు... అడుగులు మాత్రం లేవు.

అన్నాళ్లూ అటు తొంగి చూడని నర్సమ్మ ఆరో రోజు పొద్దున వచ్చి, దవడలు తడిమి చూసి వెళ్లొచ్చంది. బుడ్డి పళ్లెం పట్టుకుని వంటగదిలోకి వెళ్తే వంటమ్మ చేతిలో గరిటె జారిపోయింది.

"అదేంటమ్మాయ్, మీ నాన్న వచ్చి ఇంటికి తీసుకెళ్లాడన్నారుగా? ఆ రోజే నీ భోజనం ఆపేశాం."

"ఎవరన్నారు?"

వంటమ్మ భోజనాల గది వైపు చూసింది. అక్కడ పొడుగు తల వంచుకుని తింటోంది. బుడ్డి వెళ్లి ఎదురుగా నిలబడింది.

"ఒక్క పూటైనా తెచ్చావా?"

"భయమేసిందే... ఆ గది దగ్గరికి రావాలంటే. తేలేదేమని అడుగుతారని అలా చెప్పా. ఎవరో ఒకరు పెడతార్లే అనుకున్నా."

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయని ఊరికే అన్నారా? నీ కోసం అబద్ధమాడానే అనబోయింది బుడ్డి. ఆ మాట మింగేసి చేతిలో పళ్లెం బల్ల మీద పెట్టింది.

వెనకే వచ్చిన వంటమ్మ గుసగుసగా అడిగింది. "అమ్మాయ్... ఈ పళ్లెం నీకెవరిచ్చారు? ఇలాంటివి వాడటం మానేసి పన్నెండేళ్లయింది. ఆ గదిలో పిల్ల పోయిన రోజు దాని చేతిలో ఖాళీ పళ్లెం ఉంది... ఆ పళ్లేన్ని నేనే పెరట్లో పాతిపెట్టాను."

ఆ రాత్రి బుడ్డి పొడుగుతో మాట్లాడలేదు. తన వాటా అన్నం ఆ నీలం అంచు పళ్లెంలో పెట్టుకుని మూడో అంతస్తు ఎక్కింది. భయం వెయ్యలేదా అంటే, వేసింది. అయినా స్టూలు మీద పళ్లెం పెట్టి, ఖాళీ గది తలుపు రెండుసార్లు కొట్టింది.

కాసేపు ఏమీ లేదు...

ఆ తర్వాత లోపలి నుంచి ఒకే ఒక్కసారి — టక్.

బుడ్డి వెనక్కి తిరిగి, అడుగుల చప్పుడు లోపలికి వినబడేలా నడుచుకుంటూ వెళ్లిపోయింది.