మూటకెక్కని మాటలు

"నా కంప్యూటర్లో బాగానే నడుస్తోందండీ" అన్నాడతను.

ఆ వాక్యాన్ని టీచరు ఆ వారంలో వినడం అది నాలుగోసారి.

"అయితే మా మూడో తరగతి పిల్లలు ముప్పై ఇద్దరినీ మీ ఇంటికి పంపించనా?" అని అడిగింది. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే కాస్త నయంగా ఉండేదని అతనికి అనిపించింది.

ఆమె తండ్రి లెక్కల మాస్టారు. పిల్లలకు ఎక్కాలు నేర్పడానికి సొంతంగా ఒక ప్రోగ్రాం రాసుకున్నారు. ఆయన పోయి ఎనిమిది నెలలైంది. ఆ ప్రోగ్రాం ఆయన పాత కంప్యూటర్లో తప్ప మరెక్కడా నడవదు. అదేమో ఆన్ చేస్తే చాలు, మూలుగుతోంది. బడిలో ఉన్నవి మూడు రకాలు: తరగతిలో విండోస్, లైబ్రరీలో లైనక్స్, హెడ్మిస్ట్రెస్ గదిలో మాక్. శుక్రవారం చివరి గంటకల్లా మూడింటిలోనూ నడవకపోతే బజార్లో దొరికేది ఏదో ఒకటి కొనేస్తానని హెడ్మిస్ట్రెస్ చెప్పేసింది.

అందుకే వీధి చివర సాఫ్ట్‌వేర్ ఆఫీసు నుంచి ఇతన్ని పిలిపించారు. మొదటిరోజు చాలా ధీమాగా వివరించాడు. మాస్టారు రాసిన ప్రోగ్రాం ఒక్కటే ఇస్తే నడవదట. దాన్ని చదివి నడిపించే సరంజామా కూడా అవతలి కంప్యూటర్లో ఉండాలట. అందుకని అన్నీ కలిపి ఒకే మూట కట్టేస్తాడట. పెళ్ళికి వెళుతూ వంటవాణ్ణీ పొయ్యినీ కూడా వెంటబెట్టుకుపోవడం లాంటిదన్నాడు. ఒక్కసారి కడితే ఎక్కడైనా విప్పుకోవచ్చన్నాడు.

అక్కడే పప్పులో కాలేశాడు. విండోస్‌లో కట్టిన మూట లైనక్స్‌లో విడలేదు. ఏ రకానికి ఆ రకంలోనే కట్టాలి. దాంతో బుధవారమంతా లైబ్రరీలో, పిల్లల కుర్చీలో, మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నాడు. గురువారం మాక్ తన వంతుగా, ముక్కూ మొహం తెలియనివాళ్ళ మూట తెరవనని మొండికేసింది. హెడ్మిస్ట్రెస్ వచ్చి అనుమతి ఇచ్చేసరికి బడి వదిలేశారు.

బయట వాన. అతను గుమ్మంలో నిలబడి మబ్బులకేసి చూస్తుంటే టీచరు తన గొడుగు చేతికిచ్చింది.

"పెన్‌డ్రైవ్ తడవకుండా చూసుకోండి" అంది. అతను తడవడం గురించి ఏమీ అనలేదు. అయినా అతను దారంతా ఆ గొడుగు గురించే ఆలోచించాడు.

శుక్రవారం మధ్యాహ్నానికి మూడూ నడిచాయి. ఒక పాప ఏడు ఎనిమిదులు యాభై నాలుగు అని కొట్టింది. తెర మీద 'తప్పు' అని వచ్చింది.

టీచరు ఆ మాటకేసి చాలాసేపు చూసింది. తరువాత, నాన్నగారి మాటలు ఏమయ్యాయని అడిగింది.

"వస్తున్నాయి కదండీ, నా కంప్యూటర్లో..." అని ఆగిపోయాడు. ఈసారి ఆ వాక్యం పూర్తి చేయడానికి అతనికే సిగ్గేసింది.

జవాబు తప్పినప్పుడు పిల్లలతో చెప్పడానికి మాస్టారు నలభై వాక్యాలు రాసి వేరే ఫైల్లో పెట్టుకున్నారు. ఆ ఫైలు ఇతని కంప్యూటర్లో ఉంది. మూటలో పెట్టడమే మరిచాడు. పైగా, ఫైలు దొరక్కపోతే ప్రోగ్రాం ఆగిపోకూడదని ముందుజాగ్రత్తగా ఒక మాట తనే చేర్చాడు. ఆ మాటే 'తప్పు'.

"మా నాన్నగారు ముప్పై నాలుగేళ్ళలో ఏ పిల్లాడినీ ఆ మాట అనలేదు" అంది టీచరు. "మీరు వారంలో మూడు కంప్యూటర్లచేత అనిపించారు."

అతను గడియారం చూసుకున్నాడు. ఫైలు తేవడానికి ఆఫీసుకు పరుగెత్తాడు, గొడుగు బల్ల మీదే మరిచిపోయి. తలంతా తడిసి తిరిగొచ్చాడు. తరగతిలో ఒక మూట, లైబ్రరీలో ఒకటి, హెడ్మిస్ట్రెస్ గదిలో ఒకటి, మళ్ళీ మొదటినుంచి కట్టాడు. చివరి గంటకు పది నిమిషాల ముందు హెడ్మిస్ట్రెస్ తనే కూర్చుని కావాలని యాభై నాలుగు కొట్టింది.

'దగ్గరికి వచ్చేశావు. తొందరేం లేదు, ఇంకోసారి చూడు' అంది తెర.

ఇక కొనే పని లేదని హెడ్మిస్ట్రెస్ లేచింది.

వరండాలో టీచరు తన రుమాలు అందించింది. అతను తల తుడుచుకుంటూ, నాలుగో కంప్యూటర్ ఇంకెక్కడా లేదా అని అడిగాడు.

"మా అమ్మ దగ్గర ఒకటుంది. దానికి దేవుడే దిక్కు" అందామె. "రేపు సాయంత్రం రండి."

మరునాడు వాళ్ళ ముందుగదిలో గంటన్నర కుస్తీ పట్టాక అది కూడా లొంగింది. అమ్మ కళ్ళజోడు సవరించుకుని కూర్చుంది. రెండు మూళ్ళు ఎంత అని అడిగింది తెర. ఆవిడ ఏడు కొట్టింది. 'కంగారు పడకు, వేళ్ళు ఉన్నాయిగా' అని వచ్చింది. ఎనిమిది కొట్టింది. మరో వాక్యం. తొమ్మిది కొట్టింది.

"అమ్మగారూ, ఆరండీ" అని అతను ముందుకు వంగబోతే, టీచరు అతని చొక్కా చెయ్యి పట్టుకుని ఆపింది.

"అమ్మకి తెలుసు" అంది మెల్లగా.

అతను అప్పుడు ఆవిడ ముఖం చూశాడు. మెల్లగా వెనక్కి వాలాడు. టీచరు అతని చొక్కా చెయ్యి వదలడం మరిచిపోయింది.

కాసేపటికి అమ్మ, తల తిప్పకుండానే, "బాగానే పనిచేస్తోంది. ఇంక ఈ అబ్బాయి రావలసిన పని లేదన్నమాట" అంది.

"పని లేకపోయినా వస్తానండీ, టీచర్‌గారు రమ్మంటే" అన్నాడతను.

"మీ కంప్యూటర్లో బాగానే నడుస్తున్నా వస్తారా?" అంది టీచరు.

"వస్తాను."

"అయితే రండి."

అమ్మ ఈసారి ఆరు కొట్టింది.

'సరిపోయింది. ఇక ముందుకు వెళదామా?' అని అడిగారు మాస్టారు.