అయిదు వేళ్ల గ్లవ్

పరుగు!

సైరన్ మోగుతోంది... వెనక సూపర్‌వైజర్ బూట్ల టకటక.

గచ్చంతా నెత్తురు, కొవ్వు. కాలు జారితే పళ్లు రాలతాయి. పేగుల గది మేస్త్రీ జారడు. పందొమ్మిదేళ్లుగా ఈ జారుడు మీదే బతుకుతున్నాడు.

ఈ కబేళాలో మాంసం పేరుకే. నెత్తురు ఎండితే ఎరువు. ఎముక ఉడికితే జిగురు. తోలు బూటవుతుంది. చచ్చాక కూడా పశువు ఓనర్ని మేపుతూనే ఉంటుంది.

అన్నిటికన్నా ఖరీదు గోరోచనం. పిత్తపు తిత్తిలో పెరిగే రాయి. వెయ్యింటిలో ఒక్కదానికి ఉంటే గొప్ప. బంగారం దాని ముందు దిగదుడుపే.

ఇవాళ తిత్తి పిండుతుంటే చేతికి తగిలాయి... రెండు!

అవి అమ్ముడైతే పేగుల మిషన్ మొహం మళ్లీ చూడక్కర్లేదు. ఎడమ చేతి రెండు వేళ్లు అది ఎప్పుడో మింగేసింది. మిగిలిన మూడింటితోనైనా బయటపడాలి.

కెమెరా చూసేసింది. అందుకే సైరన్.

చలి గది దాటాడు. గేటు!

అక్కడ తుపాకీతో సెక్యూరిటీ గార్డు. మేస్త్రీకి స్వయానా బావమరిది. వాడికి ఆ ఉద్యోగం వేయించింది మేస్త్రీయే.

"ఆపు వాణ్ని!" వెనక నుంచి సూపర్‌వైజర్ కేక. బావమరిది అడ్డం నిలబడ్డాడు.

సూపర్‌వైజర్ వచ్చి మేస్త్రీ జేబులు తిరగేశాడు. బూట్లు దులిపాడు. నోరు తెరిపించి టార్చి వేశాడు. ఎడమ చేతి గ్లవ్ జోలికి మాత్రం పోలేదు. వేళ్లు పోయినప్పటి నుంచీ మేస్త్రీ దాన్ని ఇంట్లో కూడా తీయడు. ఆ మొండి చెయ్యి చూడాలని ఎవరికుంటుంది?

రాళ్లు అందులోనే ఉన్నాయి. ఎప్పుడూ ఖాళీగా వేలాడే ఆ రెండు వేళ్లలో... చెరొకటి.

"పోరా," అన్నాడు సూపర్‌వైజర్ రొప్పుతూ.

గేటు తెరుచుకుంది. ఎండ. రోడ్డు. పది అడుగులు... ఇరవై...

"బావా! అక్కకి చెప్పు, రేపొస్తానని."

ప్రాణం లేచొచ్చింది మేస్త్రీకి. వెనక్కి తిరిగి, సరేనన్నట్టు చెయ్యి ఊపాడు.

ఎడమ చెయ్యి!

అయిదు వేళ్లూ నిటారుగా నిలబడ్డాయి.

బావమరిది నవ్వు ఆగిపోయింది.

"బావా... నీకు వేళ్లెప్పుడు మొలిచాయి?"

సూపర్‌వైజర్ గిరుక్కున తిరిగాడు. మేస్త్రీ పరుగందుకున్నాడు.

ఢాం!

పేల్చింది బావమరిదే.

గ్లవ్ చిరిగి ఎగిరింది. ఎండలో పచ్చటి పొడి... గాలికి పోయింది.

మోకాళ్ల మీద కూలబడి చెయ్యి చూసుకున్నాడు మేస్త్రీ.

మూడు వేళ్లూ భద్రంగా ఉన్నాయి.

మిషన్ కోసం.