తొంభై ఆరో పేజీ

“ఈ పుస్తకం రాసిన మహానుభావుడు మీరేనా?”

తలెత్తి చూశాను. కాల్ సెంటర్ అమ్మాయి. చేతిలో మా కంపెనీ ఆక్సిజన్ మెషీన్ మాన్యువల్.

“నేనే. ఏం, తప్పులున్నాయా?”

“అలారం మోగితే ఏం చేయాలో ఎక్కడ రాశారు?”

“తొంభై ఆరో పేజీలో. బొమ్మతో సహా శుభ్రంగా రాశాను.”

“ఊపిరాడని మనిషి తొంభై ఐదు పేజీలు తిప్పుకుంటూ వస్తాడా? పొద్దున్నుంచి ఇరవై ఫోన్లు. మీరు రాసింది నేను చదివి వినిపిస్తున్నాను. ఇక పుస్తకం ఎందుకు?”

పుస్తకం నా కీబోర్డు మీద పడేసి వెళ్ళిపోయింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆరేళ్ళుగా టెక్నికల్ రైటర్‌ని, కామా తప్పితే నిద్రపట్టని వాణ్ణి. నాకా పాఠాలు? పైగా అంత కోపంలోనూ ఆమె కళ్ళు బాగుండటం మరీ అన్యాయం.

ఆమెదే తప్పని రుజువు చేయాలనుకున్నాను. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కదా. మాన్యువల్‌లోని విషయాలన్నీ నలభై కార్డుల మీద రాసి, నీకు తోచిన వరసలో పేర్చమని అమ్మ ముందు పరిచాను. అమ్మ అలారం కార్డు తీసి అన్నిటికంటే ముందు పెట్టింది.

“అది ఎలక్ట్రికల్ విభాగం అమ్మా. చివర్లో రావాలి.”

“ఊపిరాడకపోతే విభాగాలు చూసుకుంటూ కూర్చోమంటావేంట్రా? అసలు ఈ గొడవ ఎవరు లేపారు?”

“ఆఫీసులో ఒకమ్మాయిలే. నోరు పెద్దది.”

“బుద్ధి కూడా ఉన్నట్టుందే” అంది అమ్మ, నా మొహంలోకి అదోలా చూస్తూ.

మర్నాడు సిగ్గు చంపుకుని కార్డులతో ఆమె దగ్గరికి వెళ్ళాను.

“ఏమిటివి, పేకాటా?”

“మీకు ఫోన్ చేసేవాళ్ళు ముందు ఏది అడుగుతారో చెప్పండి. ఆ వరసలో పెడతాను.”

రెండు నెలలు లంచ్ టైమంతా అదే పని. కార్డుకో గొడవ. బయట వాన పడుతుంటే కిటికీ మూయాలా వద్దా అన్నదానికీ గొడవే. వాదించి అలిసిపోయాక ఆమె నవ్వేది. ఆ నవ్వు కోసం నేను కావాలనే ఒక్కోసారి తప్పు వరస పెట్టేవాణ్ణి.

అప్పుడే ఆఫీసులో ఇన్ఫర్మేషన్ ఆర్కిటెక్ట్ పోస్టు పడింది. ఏ సమాచారం ఎక్కడుంటే మనిషికి దొరుకుతుందో తేల్చే పని. అంటే మేం చేస్తున్నదే. అడగడానికి వెళ్తే మేనేజర్ తల కూడా ఎత్తలేదు.

“నువ్వు రైటర్‌వి, రాసుకో. దీనికి బయటి నుంచి తెస్తాం. ఆ కార్డులు కూడా ఇక ఆపు.”

ఆ పోస్టు రాకపోతే కొత్త వరస చెత్తబుట్టలోకే. వచ్చి చెబితే ఆమె నా మీదే మండిపడింది.

“తలూపి వచ్చేశారా? నాతో మాత్రం గంటలు గంటలు వాదిస్తారే.”

పౌరుషం పొడుచుకొచ్చింది. ఇద్దరం మేనేజర్ గదిలోకి వెళ్ళాం. ఆమె తెచ్చిన మెషీన్ ఆన్ చేసి అలారం మోగించింది. నేను పాత మాన్యువల్ ఆయన చేతిలో పెట్టాను.

“దీన్ని ఎలా ఆపాలో వెతకండి సార్.”

ఆయన విషయసూచిక తిప్పారు, వెనక్కి వెళ్ళారు, మళ్ళీ ముందుకొచ్చారు. ఆఫీసంతా తలుపు దగ్గర గుమికూడింది. నాలుగు నిమిషాలైనా దొరకలేదు.

“మీరు గట్టిగా ఉన్నారు సార్. పేషెంటు సంగతేమిటి?” అంటూ మేం పేర్చిన వరసలో రాసిన కొత్త ప్రతి అందించాను. మొదటి పేజీ చూసి ఆయనే అలారం ఆపేశారు. పోస్టు నాకే వచ్చింది.

కొత్త పుస్తకం బయటికెళ్ళిన మూడు వారాలకు ఆమె గొడవకొచ్చే వాలకంతో నా ముందు నిలబడింది.

“అలారం గురించి ఒక్క ఫోన్ లేదు.”

“మంచిదేగా?”

“ఏం మంచిది? ఇక ఏ వంక పెట్టుకుని మీ టేబుల్ దగ్గరికి రాను? ఆ ఆలోచన ఉందా మీకు?”

నాకూ కోపం వచ్చింది. “రెండు నెలలు మీ పక్కన కూర్చున్నది కార్డుల కోసమనుకున్నారా?”

“మరి చెప్పొచ్చుగా.”

“చెప్పనిస్తేగా మీరు.”

ఆమె కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చుంది. “ఇప్పుడు చెప్పండి. మధ్యలో మాట్లాడను.”

చెప్పాను. ఆమె చివరిదాకా విని, కళ్ళు తుడుచుకుని, “ఇంతకాలం ఎందుకు దాచారు?” అని మళ్ళీ కోప్పడింది.