బండి వెనక పడక

అనసూర్య పొయ్యి అంటించేసరికే పెరట్లో సుత్తి దెబ్బలు మొదలయ్యాయి. మొగుడు రాయమల్లు పాత పికప్ బండి కింద కుదుపులు ఆపే కమాన్లకు, ఎక్కువ బరువు మోసేలా మరో మూడేసి ఇనుప పట్టీలు చేర్చే పనిలో ఉన్నాడు. లారీవి పెద్ద చక్రాలు గోడకు ఆనించి ఉన్నాయి. అడవి నుంచి వెదురు తోలే పని దొరికింది మరి, ఆ మనిషికి ఇక అన్నం కూడా గుర్తుకు రాదు.

అనసూర్యకు ఏడో నెల. గడప దాటొద్దని అత్త సమ్మవ్వ హుకుం. నిరుడు నొప్పులతో ఇదే బండి వెనక పడుకోబెట్టి చెన్నూరు నుంచి మంచిర్యాల దవాఖానకు తీసుకుపోతుంటే, దారిలోనే బిడ్డ పోయింది. అప్పటినుంచి ఆమె వాడకట్టుకు 'కడుపు నిలవని మనిషి'. విని విని ఆమెకూ నిజమేననిపించేది.

"మంచిర్యాలల మా అక్క చంద్రవ్వ ఇంట్ల దింపి రారాదు," అంది మొగుడితో. "దవాఖాన పక్కనే ఉంటది."

"గీ కడుపుతోని బండెక్కుతవా?" అంది సమ్మవ్వ.

"నొప్పులొచ్చినంకనన్న గా బండ్లనే కదత్తా తీస్కపోయేది?"

రాయమల్లు నవ్వాడు. "ఫికర్ చెయ్యకు. చక్రాలు మారినంక ఏ వాగైనా దాటుతది. సీట్ల ఉయ్యాల లెక్కుంటది."

"సీట్ల కూసునేది నువ్వు. నువ్వెన్నడన్న వెనక పండుకున్నవా?"

పన్నెండేళ్లుగా బండి నడుపుతున్నవాణ్ణి అడగాల్సిన మాట కాదది. సమ్మవ్వ కోడలి నోటిని తిట్టిపోసింది. అనసూర్య తగ్గలేదు. ఎక్కడికని తగ్గుతుంది, వెనక గోడే ఉంది.

"గా పట్టీలు, చక్రాలు పక్కకు పెట్టు. బండి ఇంకా నిరుడున్నట్టే ఉన్నది కదా. పోశం నడుపుతడు, నువ్వు వెనక పండుకొని ఊరవతల వాగు దాకా పోయి రా. తర్వాత నువ్వేం చెప్పినా ఇంట."

మరిది పోశం మొహమాటంగానే స్టీరింగు పట్టుకున్నాడు. రాయమల్లు నవ్వుకుంటూ ఎక్కాడు.

తిరిగొచ్చేసరికి అతని మోచేయి చీరుకుపోయి ఉంది. నడుము పట్టుకుని గడపలో కూలబడ్డాడు.

"వాగు దాకా పోలే వదినె," అన్నాడు పోశం. "అన్న సగంలనే ఆపుమన్నడు."

"ఇరవై మైళ్లు ఎట్ల పండుకున్నవే," అన్నాడు రాయమల్లు. "మెల్లగ పొమ్మని చెప్పకపోతివి."

"చెప్పిన. ఇంజన్ మోతల నీకు ఇనవడలే. తర్వాత నన్నెవ్వరు అడుగలే."

"తప్పు నీ కడుపుది కాదే. నాది," అని రాయమల్లు చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. సమ్మవ్వ కోడలి ముఖం చూడలేక తల దించుకుంది.

వెదురు పని వేరేవాళ్లకు పోయింది. పెద్ద చక్రాలు వెనక్కి పోయాయి. రాయమల్లు బండి మెత్తగా ఊగేలా ఒక్కో కమానులోంచి పాత పట్టీలే మూడేసి తీసేశాడు, టైర్లలో గాలి తగ్గించాడు, డ్రైవరు సీటు వెనక అద్దం ఊడదీశాడు. నాలుగోనాడు మంచిర్యాల ప్రయాణానికి సమ్మవ్వే బండి వెనక పరుపు పరిచి, కోడలి తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

ఊరు దాటకముందే అనసూర్య "ఆపు" అంది, పెద్దగా అరవకుండానే.

బండి ఆగింది. రాయమల్లు కంగారుగా వెనక్కి తిరిగాడు. "ఏమైందే?"

ఏమీ కాలేదు. ఆగుతుందో లేదో చూసుకుందామని అంది, అంతే. ఆ మాట చెప్పబోతే ఏడుపొచ్చింది.