ఎండగది మీద ఎనిమిదేళ్లు

"నీ తడిబట్టలు తియ్యకపోతే నా వడియాలు ఎండవు హైమా. పొద్దుటి నుంచి మూడుసార్లు చెప్పాను," అంది శేషారత్నం.

"తియ్యను అక్కయ్యా. ఎండగదిలో ఆ మూల దండెం నాకని బావగారే అన్నారు."

"ఏదో జాలిపడి అన్నారులే. సాయంత్రం ఆటలో అదీ పోతుంది. పైగా ఆయనకిప్పుడు ఎండ కావాలి. ఎముకలు గుల్లబారుతున్నాయని డాక్టరు చెప్పాడు. నీకు తెలియనిదా?"

"తెలుసు," అంది హైమవతి, తడి లంగా దులిపి ఆరేస్తూ.

సముద్రం ముందుకొచ్చాక బందరు జనమంతా ఎత్తైన నివాస గోపురాల్లోకి ఎక్కారు. ఒక గోపురం నీడ ఇంకో గోపురం మీద పడి, ఒక్కో కుటుంబానికి ఎండ తగిలే గది ఒక్కటే మిగిలింది. ఆ గది కోసం తలలు పగలకుండా ఇంటింటికీ, ముక్కలు పంచి తీర్పు చెప్పే పంపకాల బల్ల వచ్చింది. తగవుపడ్డ ఇద్దరూ దాని ముందు కూర్చుని మూడు ముక్కలాట ఆడాలి. పందెంగా ఏళ్లు కాస్తారు, గెలిచినవాళ్లకి అన్నేళ్లూ గది. చెవి వెనక అంటించుకున్న నాడిమణి ఎదుటివారి నాడి చదివి, పెంచాలో పడెయ్యాలో గుసగుసగా చెబుతుంది. బల్ల తీర్పుకి తిరుగులేదు. ఇళ్లలో అరుపులు పోయాయని అందరూ మెచ్చుకున్నారు.

ఏడేళ్ల క్రితం అత్తగారు మహాలక్ష్మమ్మకీ ఎముకలు గుల్లబారాయి. పొద్దుటెండే మందన్నారు. బావగారు, శేషారత్నం భర్త పురుషోత్తం, తన వ్యాయామ యంత్రాలకి ఆ గది కావాలన్నాడు. హైమవతి భర్త కామేశం జత రాణులు పట్టుకుని ఆడాడు. అన్నగారు ఒకటి, మూడు, ఏడేళ్లు అంటూ పెంచేసరికి, మణి చెప్పిన మాట విని ముక్కలు పడేశాడు. పురుషోత్తం తన ముక్కలు తిప్పి చూపించాడు. రెండు, అయిదు, తొమ్మిది. "ఏమీ లేవురా తమ్ముడూ!" అని పడీపడీ నవ్వాడు. యంత్రాలు సర్దాక అమ్మకి మంచం వేయిస్తానన్నాడు. సర్దలేదు. ముసలావిడ చీకటిగదిలో అయిదు నెలలు బతికింది. రోజూ పొద్దున్నే "ఎండొచ్చిందా అమ్మాయ్?" అని అడిగేది. "మబ్బుగా ఉంది అత్తయ్యా," అని హైమవతి అబద్ధం చెప్పేది.

ఆ తరవాత నీళ్ల వంతులకీ వంట వంతులకీ నెలనెలా జరిగే ఆటల్లో కామేశం బదులు హైమవతే కూర్చుంది. పురుషోత్తం ముక్కలు చూసి పెంచడు. పెంచడమే అతని ఆట. అది ఆమెకి మొదటి ఏడాదే తెలిసిపోయింది. అయినా ప్రతిసారీ పడేసింది. ఒకసారి మూడు రాజులు కూడా పడేసి, నెల్లాళ్లు రెండు కుటుంబాలకీ వంట చేసింది. ఈవిడ పిరికిదని ఇంటి మణులన్నీ నేర్చుకున్నాయి.

పురుషోత్తం గెలిచిన ఏడేళ్లూ ఇవాళ్టితో నిండాయి. సాయంత్రం అందరూ బల్ల చుట్టూ చేరారు.

"ఏం హైమా, ముందే పడేస్తావా, కాఫీ తాగాకా?" అన్నాడు పురుషోత్తం.

"తాగాకే బావగారూ."

ముక్కలు వచ్చాయి. ఆమెవి ఏడు, ఏడు, మూడు. గొప్పవేం కావు. కానీ ఊరికే పెంచేవాడి మీద గెలవడానికి గొప్ప ముక్కలు అక్కర్లేదు. ఎదురు పెంచి అతణ్ణి బెదరగొట్టకుండా, వెంట నడిస్తే చాలు.

"ఒక ఏడాది," అన్నాడతను.

"ఉన్నాను."

ఆమె గుండె దడదడలాడింది. 'నాడి నూటపద్దెనిమిది. భయపడుతోంది. పెంచండి,' అంది అతని మణి. భయానికీ కోపానికీ నాడి ఒకేలా కొట్టుకుంటుందని దానికి ఎవరూ నేర్పలేదు.

"నాలుగు."

'ఆయన నాడి నిలకడగా ఉంది. పడెయ్యండి,' అంది ఆమె మణి.

"ఉన్నాను."

కామేశం ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. ఆమె విదిలించుకుంది.

"ఎనిమిది!" బల్ల మీద అరచేత్తో చరిచాడు పురుషోత్తం.

"ఉన్నాను. షో."

అతని ముక్కలు తిరగబడ్డాయి. రాజు, తొమ్మిది, నాలుగు. జత కూడా లేదు. శేషారత్నం కాఫీ గ్లాసు కింద పెట్టింది.

"ఎండగది ఎనిమిదేళ్లు హైమవతి గారిది. వాడుక దేనికి?" అని అడిగింది బల్ల.

"దేనికీ కాదు."

అలాంటి వాడుక దాని జాబితాలో లేదు. మళ్లీ అడిగింది. మూడోసారీ అడిగింది.

హైమవతి చెవి వెనక మణి తీసి బల్ల మీద పెట్టింది. గొంతు పెంచకుండా అందరికీ చెప్పింది. "గదికి తాళం వేస్తున్నాను. అక్కయ్యా, పొద్దున్నే వడియాలు తీసేసుకోండి. నా దండెం కూడా విప్పేస్తాను."

"మనక్కూడా వద్దా?" అన్నాడు కామేశం.

"మనక్కూడా. జత రాణులు పెట్టుకుని పడేసింది మీరే కదా."

పురుషోత్తం తన మోకాళ్లకేసి చూసుకున్నాడు. "హైమా, డాక్టరు నాకు పొద్దుటెండ..."

"రోజూ పొద్దున్నే అడగండి బావగారూ," అంది హైమవతి. "మబ్బుగా ఉందని చెబుతాను."